షెర్మన్ సైన్యం నడిచిన దారిలో బోర్డులు: అట్లాంటా నుంచి సవానా దాకా చూసుకుంటూ వెళ్లినవాళ్లు ఉన్నారా?

కమ్మింగ్_వాసి:

అందరికీ నమస్తే అండి. మేం అమెరికాలో జార్జియా రాష్ట్రం, అట్లాంటా దగ్గర కమ్మింగ్‌లో ఉంటాం, వచ్చి ఎనిమిదేళ్లయింది. ఈ ఎనిమిదేళ్లలో సవానా మూడుసార్లు వెళ్లాం, ప్రతిసారీ ఒకటే దారి, మేకన్ దాకా ఐ-75 హైవే, అక్కడ్నించి ఐ-16, తిన్నగా టైబీ ఐలాండ్. ఐ-16 మీద రెండు పక్కలా పైన్ చెట్లు తప్ప ఏమీ కనపడదని ఇక్కడ చాలామందికి తెలుసు కదా.

ఈసారి థాంక్స్‌గివింగ్‌కి వేరే దారిలో వెళ్దామని ఉంది. కారణం మా పాప. ఎనిమిదో క్లాసు, ఈ ఏడాది వాళ్లకి జార్జియా స్టడీస్ ఉంది, అందులో అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో, ఉత్తరాది జనరల్ షెర్మన్ అట్లాంటా నుంచి సముద్రం దాకా సైన్యాన్ని నడిపించిన పాఠం వచ్చింది. నెల కిందట అట్లాంటాలో కార్టర్ లైబ్రరీకి వెళ్తే అక్కడ ఈ మార్చ్ గురించి ఒక బోర్డు ఉంది, 2014లో పెట్టింది. అందులో ఏముందంటే షెర్మన్ సైనికులు అన్నీ తగలబెట్టారన్నది జనంలో పాతుకుపోయిన అపోహ, వాళ్లు ముఖ్యంగా రైలు పట్టాలు, డిపోలు, ఫ్యాక్టరీలు, పత్తి జిన్నులు, గోదాములు ఇలా యుద్ధానికి పనికొచ్చేవే నాశనం చేశారు, దారిలో వేలమంది బానిసలకి విముక్తి కలిగించారు అని. సరే అనుకున్నాం. రెండు వారాల తర్వాత మాడిసన్ వైపు వెళ్తూ పాత హైవే పక్కన ఇంకో బోర్డు చూశాం, 1950ల నాటిది. అందులో మొదటి వాక్యమే అట్లాంటాను నాశనం చేసి షెర్మన్ తన విధ్వంసక దండయాత్ర మొదలుపెట్టాడు అని. ఆ తర్వాత ఏ దళం ఏ రోజు ఎటు పోయింది అన్న లెక్కే. బానిసల ఊసు ఒక్క ముక్క కూడా లేదు.

పాప రెండిటికీ ఫొటోలు తీసుకుంది. రాత్రి అన్నం తింటూ "డాడీ, రెండూ జార్జియా బోర్డులే, రెండూ ఇదే సైన్యం గురించే, మరి ఏది నిజం" అని అడిగింది. నేను ఏదో చెప్పబోయి ఆగిపోయాను, నిజంగా నాకు తెలీదు.

అందుకని అడుగుతున్నా, ఆ సైన్యం వెళ్లిన దారినే సవానా దాకా ఎవరైనా బోర్డులు చదువుకుంటూ వెళ్లారా, ఏ రోడ్లు పట్టుకోవాలి, పిల్లలతో ఒక్క రోజులో అయ్యే పనేనా, పాప అడిగిన దానికి మీరైతే ఏం చెప్తారు.


మైలురాయి:

నమస్తే అండి, మీ పాప అడిగిన ప్రశ్న మీదే నేను ఆరేళ్లుగా తిరుగుతున్నా కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, ఏమనుకోకండి.

ముందు దారి. సైన్యం ఒకే రోడ్డు మీద పోలేదు. 62 వేల మంది, 2,500 బండ్లు, వాటి వెనక తోలుకొచ్చిన పశువులు, ఇదంతా ఒక్క మట్టి రోడ్డు మీద పడితే వెనకవాళ్లు కదలడానికే రోజు పడుతుంది. అందుకని షెర్మన్ రెండు భాగాలు చేశాడు, కుడి రెక్క జనరల్ హోవర్డ్ కింద, ఎడమ రెక్క జనరల్ స్లోకమ్ కింద, ఒక్కో రెక్కలో రెండేసి కోర్లు (కోర్ అంటే వేలమంది ఉండే పెద్ద దళం), వీలైనంతవరకు నాలుగు దార్లలో పక్కపక్కనే. రోజూ పొద్దున ఏడింటికి బయల్దేరాలి, రోజుకి 15 మైళ్లు నడవాలి అని ఆర్డర్‌లోనే రాశాడు. నవంబర్ 15న మొదలై డిసెంబర్ 10కల్లా సవానా గుమ్మంలో ఉన్నారు. దారి పొడుగునా ఏ కౌంటీకి వెళ్లినా బోర్డులు కనపడేది అందుకే, అది ఒక గీత కాదు, 50, 60 మైళ్ల వెడల్పున్న పట్టీ.

మీకు పిల్లలతో తేలికైంది ఎడమ రెక్క దారి. డెకేటర్, అక్కడ్నించి ఐ-20 మీద కవింగ్టన్, మాడిసన్. మాడిసన్‌లో 441 ఎక్కి ఈటన్‌టన్ మీదుగా మిల్లెడ్జ్‌విల్. అక్కడ్నించి స్టేట్ రూట్ 24 మీద శాండర్స్‌విల్, లూయిస్‌విల్. తర్వాత 17 మీద మిల్లెన్, మిల్లెన్ నుంచి 21 మీద సిల్వేనియా, స్ప్రింగ్‌ఫీల్డ్, రింకన్, సవానా. (కెంటకీలో ఉన్నదాన్ని లూయివిల్ అంటారు, జార్జియాలో ఉన్నదాన్ని లూయిస్‌విల్ అనే అనాలి, పెట్రోల్ బంక్‌లో అడిగేటప్పుడు పనికొస్తుంది.) ఒక్క రోజులో చేయొద్దు. మిల్లెడ్జ్‌విల్‌లో రాత్రి ఆగండి.

ఇప్పుడు బోర్డు ఎలా చదవాలో చెప్తా. అందరూ పై నుంచి మొదలుపెడతారు, నేను కింది నుంచి. పాత బోర్డుల్లో అట్టడుగున చిన్న అక్షరాలతో ఒక నంబరు, జార్జియా హిస్టారికల్ కమిషన్ అన్న పేరు, ఒక సంవత్సరం ఉంటాయి. నంబరులో మొదటి మూడంకెలు కౌంటీవి, 159 కౌంటీలకీ అక్షర క్రమంలో వేశారు, మిల్లెడ్జ్‌విల్ ఉన్న బాల్డ్విన్ కౌంటీకి 005. గీత తర్వాతది ఆ కౌంటీలో ఎన్నో బోర్డో చెప్తుంది. సంవత్సరం దాదాపు ఎప్పుడూ 1950ల్లోదే. పేర్ల పక్కన బ్రాకెట్లో యు అనుంటే యూనియన్ సైన్యం, అంటే ఉత్తరాది, షెర్మన్ వైపు; సి అనుంటే కాన్ఫెడరేట్, అంటే విడిపోయిన దక్షిణాది వైపు. ఇంకో సంగతి, మీరు చెప్పిన ఆ మొదటి వాక్యం మీకు దారంతా కనపడుతుంది, ఒకే అచ్చులో పోసినట్టు, అట్లాంటాను నాశనం చేసి, ఉత్తరంతో తన సంబంధాలు తెంపుకుని, విధ్వంసక దండయాత్ర... మూడో బోర్డుకే మీ పాపకి నోటికొచ్చేస్తుంది. దాని తర్వాత వచ్చే రెండు మూడు వాక్యాల్లోనే ఆ ఊరి సంగతి ఉంటుంది, కళ్లు అక్కడ పెట్టమనండి.

ఆ 1950ల బోర్డులు రాసినవాళ్లు సైన్యం కదలికల దగ్గర చాలా నికార్సుగా ఉన్నారు, ఏ కోర్ ఏ తేదీన ఏ వాగు దాటిందన్నది నేను ఇతర పుస్తకాలతో పోల్చి చూశా, మెచ్చుకోవాల్సిందే. కానీ వాళ్లకి కనపడింది రెండు సైన్యాలే. 1860 లెక్కల్లో ఈ రాష్ట్రంలో 4 లక్షల 62 వేల మంది బానిసలు, జనాభాలో నూటికి 44 మంది. ఆ సైన్యం వెళ్లిన దార్లన్నీ వాళ్లు పని చేసిన పత్తి చేల మధ్య నుంచే. సైన్యం కనపడగానే వేలమంది మూటాముల్లె సర్దుకుని పిల్లల్ని చంకన వేసుకుని దాని వెనకాలే నడిచారు. ఇంతమంది నడిచిన దారి మీద బోర్డులు నాటుతూ ఆ నడిచినవాళ్లని రాయకపోతే అది పొరపాటు అనడానికి నాకు నోరు రాదు, 1950ల్లో ఆ బోర్డులు పెట్టేనాటికి ఇక్కడ బస్సుల్లో, స్కూళ్లలో ఎవరెక్కడ కూర్చోవాలన్నది ఒంటి రంగు చూసే నిర్ణయించేవాళ్లు, ఆ రోజుల చూపే ఆ పలక మీదా ఉంది.

కాబట్టి పాపకి నేనైతే ఏది నిజం అని కాకుండా ఈ బోర్డు ఎప్పుడు పెట్టారు, ఇందులో ఎవరు లేరు, ఈ రెండూ చూడమని చెప్తా. దారిలో తప్పకుండా ఆగాల్సినవి సాయంత్రం ఇంకో పోస్ట్‌లో రాస్తా, ఆఫీసు నుంచి టైప్ చేస్తున్నా.


రెండు_లేన్ల_రోడ్డు:

దారి గురించి ఒక జాగ్రత్త అండి. రూట్ 24 మీదా 17 మీదా షోల్డర్, అంటే పక్కన కారు ఆపుకునే జాగా, లేని చోట్లు చాలా ఉన్నాయి, కలప లారీలు మంచి స్పీడ్‌లో వస్తాయి. బోర్డు కనపడగానే సడన్‌గా బ్రేక్ వేయకండి, ముందుకెళ్లి ఏ చర్చి పార్కింగ్‌లోనో తిప్పుకుని వెనక్కి రండి. ఇంకోటి, బోర్డు పాదం దగ్గర గడ్డిలో ఫైర్ యాంట్స్ పుట్టలు ఉంటాయి, చూడ్డానికి మామూలు మట్టి కుప్పలాగే ఉంటుంది. మావాడు చెప్పులతో ఎక్కి నిలబడి ఫొటో దిగాడు, వారం రోజులు కాలు నిండా పొక్కులు. షూస్, సాక్సులు తప్పనిసరి. చీమలు నవంబర్ చివర్లో కూడా ఉంటాయి.

హిస్టారికల్ మార్కర్ డేటాబేస్ అని వెబ్‌సైట్ ఉంది, కౌంటీ పేరు కొడితే మ్యాప్‌లో అన్ని బోర్డులూ ఫొటోలతో, పూర్తి మాటలతో వస్తాయి. ముందు రోజు రాత్రే చూసుకుని ఓ పదిహేను ఎంచుకోండి. అన్నీ చూద్దామనుకుంటే సంక్రాంతికి చేరతారు సవానా. ఇంకా చిన్న ఊళ్లలో మన తిండి దొరకదు, పులిహోర, పెరుగన్నం కట్టుకుపోండి.


మేకన్_దిక్కు:

అన్నా మేము వార్నర్ రాబిన్స్‌ల ఉంటం. మీకు చెప్పిన తొవ్వ మంచిదే గని కుడి దిక్కు సైన్యం మా మేకన్ పక్కకెల్లి పోయింది, గదాంట్ల ఒక్క జాగ మాత్రం ఇడువకుండ్రి. గ్రిస్వోల్డ్‌విల్. మేకన్‌కు తూర్పున పది మైళ్లుంటది. ఇప్పుడు ఊరు లేదు, ఒక పచ్చిక మైదానం, చిన్న జాగ, బోర్డులు, గంతే. అప్పట్ల ఆడ ఒకాయన పత్తి జిన్నుల ఫ్యాక్టరీ నడిపిండు, యుద్ధం రాంగనే దాన్నే పిస్తోళ్ల ఫ్యాక్టరీ చేసిండ్రు. యూనియనోళ్లు అచ్చి కాలవెట్టిండ్రు.

నవంబర్ 22 నాడు జార్జియా మిలీషియా ఆడికి అచ్చింది. మిలీషియా అంటే ఎవలనుకున్నరు, సైన్యానికి పనికొచ్చే మొగోళ్లందరు ఎప్పుడో వర్జీనియాకు పోయిండ్రు, మిగిలింది ముసలోళ్లు, బడికి పోయే పిల్లలు. ఆ మైదానం అవతల గట్టు మీద యూనియన్ బ్రిగేడ్ ఒకటి, పదిహేను వందల మంది, కొందరి చేతుల్ల ఏడు గుండ్లు వరుసగ పేలే స్పెన్సర్ తుపాకులు. వీళ్లు బయట పచ్చిక మీదకెల్లి ఒక్కపారి గాదు, మల్ల మల్ల ఉరికిండ్రు. ఐదారు వందల మంది పడిపోయిండ్రు, సచ్చినోళ్లు, దెబ్బలు తాకినోళ్లు కలిపి. అవతల వంద మంది గూడ లేరు. పొద్దు గుంకినంక యూనియన్ సిపాయిలు కిందికి దిగి సూస్తే తెల్ల వెంట్రుకల తాతలు, మీసం రాని పోరగాండ్లు. గది సూశి వాళ్ల కండ్లల్ల నీళ్లు తిరిగినయని వాళ్లే ఇంటికి రాసుకున్నరు.

నేను మొన్న మా పిలగాన్ని తీస్కపోయిన, పద్నాలుగేండ్లు వానికి. గట్టు మీద నిలవడి కిందికి చూపిచ్చిన. ఎంత దూరం అంటే మన ఊర్ల బడి గ్రౌండ్ అంత. వాడు ఏం మాట్లాడలే, కార్ల కూసున్నంక "వాళ్లను ఎవరు పంపిన్రు నానా" అన్నడు.


మైలురాయి:

గ్రిస్వోల్డ్‌విల్ గురించి రాసినందుకు థాంక్స్ అన్నా, నేనే మర్చిపోయేవాణ్ణి.

ఆగాల్సినవి చెప్తా అన్నాను కదా. మాడిసన్‌లో షెర్మన్ ఈ ఊరి అందం చూసి కాల్చడానికి మనసొప్పక వదిలేశాడన్న కథ మీకు టూరిస్ట్ షాపులో, హోటల్లో, అంతటా చెప్తారు. అసలు షెర్మన్ మాడిసన్ రానేలేదు. ఆయన ఎడమ రెక్కలో ఇంకో కోర్‌తో దక్షిణంగా కవింగ్టన్, షేడీ డేల్ మీదుగా పోయాడు. మాడిసన్‌కి వచ్చింది స్లోకమ్, నవంబర్ 19న. రైల్వే డిపో, పత్తి కాల్చారు, ఇళ్ల జోలికి పోలేదు. ఆ ఊళ్లో జాషువా హిల్ అని మాజీ కాంగ్రెస్ సభ్యుడు ఉండేవాడు, జార్జియా యూనియన్ నుంచి విడిపోవడాన్ని వ్యతిరేకించినాయన, ఆయన మాట సాగిందంటారు.

మిల్లెడ్జ్‌విల్‌కి కొంచెం ముందు హోవెల్ కాబ్ ప్లాంటేషన్ బోర్డు ఉంటుంది, చూడండి. చలిగా ఉందని షెర్మన్ ఒక బానిసల గుడిసెలో నిప్పు దగ్గర కూర్చున్నాక ఈ తోట ఎవరిదని అడిగితే కాబ్‌ది అని తెలిసింది. జార్జియాని యూనియన్ నుంచి విడగొట్టినవాళ్లలో ముందువరసలో ఉన్నవాడు, అప్పుడు కాన్ఫెడరేట్ జనరల్. ఏదీ మిగల్చొద్దని ఆర్డర్ వేశాడు, అక్కడ పనిచేసే బానిసలకి మాత్రం తిండి గింజలు పంచిపెట్టించాడు.

మిల్లెడ్జ్‌విల్ అప్పట్లో రాష్ట్ర రాజధాని. గవర్నర్ మాన్షన్ ఇప్పుడు మ్యూజియం, టూర్ ఉంటుంది. గవర్నర్ బ్రౌన్ ఇంట్లో సామానంతా బండ్లకెక్కించి పోయాడు కాబట్టి షెర్మన్ ఖాళీ గదిలో నేల మీదే దుప్పటి పరుచుకుని పడుకున్నాడు. పాత శాసనసభ భవనంలో యూనియన్ ఆఫీసర్లు ఉత్తుత్తి సభ పెట్టి, విడిపోవాలన్న తీర్మానాన్ని రద్దు చేస్తున్నామని ఓటేసుకున్నారు. సెయింట్ స్టీఫెన్స్ చర్చిలో ఆర్గన్ గొట్టాల్లో మొలాసిస్ పోశారని చెప్తారు, మొలాసిస్ అంటే మన పల్చటి బెల్లం పాకం లాంటిది.

మిల్లెన్ దగ్గర మాగ్నోలియా స్ప్రింగ్స్ స్టేట్ పార్క్. అక్కడ క్యాంప్ లాటన్ అని కాన్ఫెడరేట్లు యుద్ధఖైదీల్ని పెట్టిన కొయ్య కోట, పది వేల పైచిలుకు మందిని 42 ఎకరాల్లో కుక్కారు, నెలన్నరలోనే షెర్మన్ వస్తున్నాడని ఖాళీ చేశారు. ఆ నేల చాలా ఏళ్లు అలాగే ఉండిపోయింది, 2010 నుంచి జార్జియా సదరన్ యూనివర్సిటీవాళ్లు తవ్వుతున్నారు. ఖైదీలు తాగిన ఊట ఇప్పటికీ ఉంది, నీళ్లు అద్దంలా ఉంటాయి, అడుగున గడ్డిపోచ కూడా కనపడుతుంది. పిల్లలకి తాబేళ్లు, మొసళ్లు. ఇక్కడ గంట పెట్టుకోండి.

చివరిది, నా మటుకు ఈ మొత్తం దారిలో ముఖ్యమైంది, రింకన్ దగ్గర ఎబెనెజర్ క్రీక్. దీని గురించి జార్జియా హిస్టారికల్ సొసైటీ బోర్డు పెట్టింది 2010లో. ఆ వాగు దగ్గర జరిగింది 1864 డిసెంబర్ 9న. మధ్యలో 146 ఏళ్లు.

ఏం జరిగిందంటే, 14వ కోర్ వాగు మీద పడవల వంతెన కట్టి దాటుతోంది. దాని కమాండర్ పేరు జెఫర్సన్ సి. డేవిస్, కాన్ఫెడరేట్ ప్రెసిడెంట్ కాదు, ఆయన పేరే ఉన్న యూనియన్ జనరల్. సైన్యం వెనక వస్తున్న బానిసలు, ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. ముందు సైన్యం దాటాలి, మీరు పక్కన ఆగండి అన్నారు. ఆగారు. ఆఖరి సిపాయి దాటగానే వంతెన లాగేశారు. వెనక నుంచి కాన్ఫెడరేట్ జనరల్ వీలర్ గుర్రపుదళం వచ్చేస్తోంది. దొరికితే మళ్లీ బానిసత్వం. చలి, వాగు నిండుగా ఉంది, నల్లటి నీళ్లు. దూకారు. చాలామంది మునిగిపోయారు. అవతలి ఒడ్డున ఉన్న మామూలు సిపాయిలు కొందరు చెట్లు నరికి దుంగలు విసిరి పట్టుకోమన్నారు, కొద్దిమంది అలా ఒడ్డెక్కారు. దూకనివాళ్లని వీలర్ మనుషులు పట్టుకుపోయారు.

ఇది బయటికొచ్చింది కూడా ఆ కోర్‌లోనే ఉన్న ఇల్లినాయి మేజర్ జేమ్స్ కాన్నలీ కడుపు మండి తన కాంగ్రెస్ సభ్యుడికి ఉత్తరం రాయబట్టి. వాషింగ్టన్‌లో గొడవైంది, యుద్ధమంత్రి స్టాంటన్ స్వయంగా సవానా వచ్చాడు. 1865 జనవరి 12న షెర్మన్‌తో కలిసి 20 మంది నల్లజాతి పాస్టర్లని పిలిపించి మీకేం కావాలని అడిగారు. వాళ్ల తరఫున మాట్లాడింది గ్యారిసన్ ఫ్రేజియర్ అనే 67 ఏళ్ల పెద్దాయన, వెయ్యి డాలర్లు బంగారం, వెండి రూపంలో కట్టి తననీ భార్యనీ విడిపించుకున్న మనిషి. ఆయన అడిగింది భూమి. మా కష్టంతో మేం దున్నుకుంటాం, భూమి ఇవ్వండి అన్నాడు. నాలుగు రోజులకే షెర్మన్ ఆర్డర్ నంబర్ 15 ఇచ్చాడు, తీరం వెంబడి కుటుంబానికి 40 ఎకరాలు మించకుండా. నలభై వేల మంది దాకా ఆ నేలల్లో దిగి సాగు మొదలుపెట్టారు. లింకన్ చనిపోయాక ప్రెసిడెంట్‌గా వచ్చిన జాన్సన్ ఆ ఏడాది తిరక్కుండానే చాలా మటుకు పాత యజమానులకి తిరిగిచ్చేశాడు. ఆ మాటలు జరిగిన గ్రీన్-మెల్‌డ్రిమ్ ఇల్లు సవానాలో మాడిసన్ స్క్వేర్‌లో ఇప్పటికీ ఉంది, ఎదురుగా స్క్వేర్‌లో బోర్డు కూడా.


శాండర్స్‌విల్_పక్కన:

మీరు రాసినదంతా బాగుంది కానీ ఒక మాట చెప్పాలి. నేను ఈ దారిలోనే ఒక చిన్న ఊళ్లో పనిచేస్తున్నాను పన్నెండేళ్లుగా. 2014 బోర్డు చదివితే ఏదో రైలు పట్టాలు మాత్రం పీకేసి బుద్ధిగా నడిచిపోయారేమో అనిపిస్తుంది. అలా కాదు. ఇళ్లలోకి వెళ్లొద్దని షెర్మన్ తన సైన్యానికిచ్చిన ఆర్డర్ నంబర్ 120లో రాసిన మాట నిజమే, కానీ అదే ఆర్డర్‌లో దారిలో తిండి ధారాళంగా తీసుకోండి అని కూడా ఉంది. బమ్మర్లు అని పిలిచేవాళ్లు ఆ తిండి వేటకి వెళ్లే గుంపుల్ని, వాళ్లు గాదెలు, పందులు, కోళ్లు, పొగబెట్టి దాచుకున్న మాంసం, చలికాలం కోసం పాతిపెట్టుకున్న చిలగడదుంపలు అన్నీ ఊడ్చుకుపోయారు, తినలేనిది పాడుచేసి పోయారు. ఆ ఇంట్లో మిగిలేది ఒక ఆడమనిషి, నలుగురు పిల్లలు, ముందర చలికాలం. ఆ ఊడ్చినదాంట్లో బానిసల గుడిసెల్లో ఉన్న కాస్త తిండి కూడా ఉంది, అది కూడా ఎవరూ రాయరు. మా పక్కింటి పెద్దామె తన ముత్తవ్వ దగ్గర్నించి వచ్చిన కథ చెప్తుంది, గింజల కోసం గుర్రాలు కట్టిన చోట మట్టి జల్లెడ పట్టుకున్నారని. 1950ల్లో ఆ బోర్డులు రాసినవాళ్లు ఇలాంటి ముత్తవ్వల చేతుల్లో పెరిగినవాళ్లు. వాళ్ల బాధ అబద్ధం కాదండి.


మైలురాయి:

మీరన్నది ఒప్పుకుంటాను, ముఖ్యంగా గుడిసెల్లో తిండి గురించి. 2014 బోర్డులో తినలేని తిండిని నాశనం చేశారని ఉంది కానీ ఒక్క ముక్కలో తేల్చేశారు, చదివేవాడికి ఆ జల్లెడ కనపడదు. నా కోపం ముత్తవ్వల బాధ రాసినందుకు కాదు. నిజానికి పాత బోర్డుల్లో ఆ ముత్తవ్వ కూడా లేదు, చూడండి. కోర్లు, డివిజన్లు, జనరళ్ల పేర్లే. ఆకలితో ఉన్నామె, వాగులో దూకినామె ఇద్దరూ లేరు.


కోరంగి_తీరం:

నేను అట్లాంటా కాదు, కాకినాడ. ఇదంతా చదువుతుంటే ఒకటి గుర్తొచ్చి రాస్తున్నా. సవానా చేతికి రాగానే షెర్మన్ లింకన్‌కి పంపిన టెలిగ్రామ్ తెలుసు కదా, క్రిస్మస్ కానుకగా సవానా నగరం, 150 పెద్ద ఫిరంగులు, ఇంకా 25 వేల బేళ్ల పత్తి. అంత పత్తి ఆ రేవులో ఎందుకు పేరుకుంది? యూనియన్ నౌకలు 1861 నుంచి దక్షిణాది రేవులన్నీ దిగ్బంధం చేశాయి, పత్తి బయటికి పోలేదు. ఇంగ్లండ్‌లో లాంకషైర్ మిల్లులు మూతపడ్డాయి, వాళ్లు మన వైపు తిరిగారు. మన దగ్గర పత్తి ధర ఎన్నడూ లేనంత ఎక్కింది, కాకినాడ రేవు పత్తి ఎగుమతికి ఊపొచ్చింది కూడా ఆ ఏళ్లలోనే. గుంటూరు, కృష్ణా వైపు పత్తికి విదేశీ మార్కెట్లో కోకనాడా అనే పేరు ఉండేది మా ఊరి పేరు మీదే. 1865లో అక్కడ యుద్ధం ముగిసింది, ఇక్కడ ధర పడిపోయింది. ఆ ధర చూసి అప్పు తెచ్చి పత్తి వేసిన రైతు ఏమై ఉంటాడో మన జిల్లాలవాళ్లకి చెప్పక్కర్లేదు.

మీ పాపకి ఇది కూడా చెప్పండి అండి. ఆ గోదాములో ఉన్న బేళ్లకీ మన తాతల నల్లరేగడి చేలకీ మధ్య తాడు ఉందని.


కమ్మింగ్_వాసి:

వెళ్లొచ్చాం అండి, ఆలస్యంగా రాస్తున్నా. రెండు రోజులు పట్టింది, పులిహోర మిల్లెడ్జ్‌విల్‌లోనే అయిపోయింది. మొత్తం 19 బోర్డుల దగ్గర ఆగాం. పాప ఒక నోట్‌బుక్ పెట్టుకుని మూడు గడులు గీసింది, నంబరు, సంవత్సరం, ఎవరు లేరు. మొదటి రోజు మూడో గడి రాయడానికి ఆలోచించేది. శాండర్స్‌విల్ దాటాక చూడకుండానే రాసేస్తోంది, ఒకటే మాట కాబట్టి.

లూయిస్‌విల్‌లో ఊరి మధ్యలో పాత మార్కెట్ హౌస్ ఉంది, కొయ్య స్తంభాల మీద నాలుగు వైపులా తెరిచి ఉన్న చిన్న మండపం. 1790ల నాటిది, అక్కడ సరుకులతో పాటు మనుషుల్ని కూడా అమ్మారు. నేను బయట నిలబడి చదువుతున్నా, పాప లోపలికి వెళ్లి స్తంభం మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది. ఎందుకు తీశావని నేను అడగలేదు. కార్లో కూర్చున్నాక ఆ అరచెయ్యి జీన్స్‌కి రుద్దుకుంటూ ఉంది చాలాసేపు.

ఎబెనెజర్ క్రీక్‌కి వచ్చేసరికి నాలుగు దాటింది. బోర్డు దగ్గర ఆగి పాప పైకి చదివింది, వాళ్లమ్మ మధ్యలో కారెక్కేసింది. తర్వాత వాగు దాకా వెళ్లాం. సైప్రస్ చెట్లు నీళ్లలోనే నిలబడి ఉన్నాయి, మొదళ్లు కుండల్లా లావుగా. నీళ్లు టీ డికాక్షన్ రంగులో, కదులుతున్నాయో లేదో కూడా తెలీదు. వెడల్పు పెద్దగా లేదండి, అదే నన్ను పట్టేసింది. మన పంట కాలవంత. అవతలి ఒడ్డున మనిషి ఉంటే మొహం గుర్తుపట్టొచ్చు. నేనేదో గోదావరి లాంటిది ఊహించుకున్నా. చెయ్యి ముంచి చూశా, నవంబర్‌లోనే వేళ్లు జిల్లుమన్నాయి.

సవానాలో మాడిసన్ స్క్వేర్ బోర్డు కూడా చూశాం. ఫ్రేజియర్ గారు భూమి అడిగిన సంగతి పాపకి వివరంగా చెప్పా, కాకినాడ పత్తి సంగతి కూడా. మా నాన్నగారికి వీడియో కాల్‌లో అది చెప్తే ఆయన మా తాతలది పత్తి చేనేరా అని ఓ అరగంట మాట్లాడారు, ఇన్నేళ్లలో నాకు చెప్పని సంగతులు.

ఒక చిన్న సహాయం కావాలి. మిల్లెన్ నుంచి సిల్వేనియా వెళ్లే దారిలో ఒక చోట బోర్డు లేదు, ఒట్టి స్తంభం ఉంది, పైన బోల్టులు మాత్రం. పాప నోట్‌బుక్‌లో ఆ గడి ఖాళీగా ఉంది. చోటు మ్యాప్‌లో గుర్తు పెట్టుకున్నా. అక్కడ ఏం రాసి ఉండేదో డేటాబేస్‌లో ఎలా వెతకాలో, అది పోయిందని ఎవరికి చెప్పాలో తెలిసినవాళ్లు కొంచెం చెప్పండి. ఇంకా మైలురాయి గారూ, రోజ్‌వెల్‌లో మిల్లు పని చేసే నాలుగు వందల మంది ఆడవాళ్లని 1864 జులైలో షెర్మన్ అరెస్ట్ చేయించి ఉత్తరానికి పంపేశాడని, వాళ్ల గుర్తుగా విరిగిన స్తంభం ఒకటి ఉందని పాప ఎక్కడో చదివింది. మా ఇంటికి అరగంట దూరం. వచ్చే ఆదివారం వెళ్తున్నాం, మీరు అటువైపే ఉంటే రండి.